రంగు డబ్బా మీద తేదీ చూశారా?

వీకెండ్ వస్తే ల్యాప్‌టాప్ మూసేసి, మేం ఆరుగురం ఏదో ఒక బడికి రంగులేయడానికి బయల్దేరతాం. పోయిన నెల హనుమకొండ దగ్గర మా ఊరి అంగన్‌వాడీ వంతు. ఈసారి గోడలే కాదు, పిల్లలకు పది చిన్న బల్లలు, బొమ్మలకు ఒక షెల్ఫు కూడా చేయించాలి. కోడ్ రాసేవాడికి చెక్క గురించి ఏం తెలుసు? రేటు తక్కువని ఎండీఎఫ్ షీట్లు ఆర్డర్ పెట్టబోయాను.

వడ్రంగి మేస్త్రి ఆపాడు. ‘‘తమ్మీ, అక్కడ రోజూ నీళ్లు పెట్టి తుడుస్తరు. అది తడిస్తే పూరీ లెక్క ఉబ్బుతది’’ అన్నాడు. బల్లలకు బాగా ఆరిన వేప చెక్క, షెల్ఫుకు ప్లైవుడ్ తీసుకోమన్నాడు. ప్లైవుడ్‌లోనూ తేడాలున్నాయి. ఎంఆర్ గ్రేడ్ కొద్దిపాటి తేమనే తట్టుకుంటుంది. నీళ్లు తగిలేచోట ఐఎస్ 710 ముద్ర ఉన్న బీడబ్ల్యూపీ కావాలి. ఇక పచ్చి చెక్కకి రంగేస్తే, లోపలి తేమ బయటికొస్తూ పొక్కులు లేపుతుంది.

అసలు షాక్ రంగు దగ్గర తగిలింది. తెలిసినవాళ్లు ఇంట్లో మిగిలిన పసుపు, ఎరుపు ఎనామిల్ డబ్బాలు ఫ్రీగా ఇచ్చారు. మూత తీయబోతూ తేదీ చూశా: 2014!

ఒకప్పుడు ఇలాంటి రంగుల్లో సీసం సమ్మేళనాలు కలిపేవారు. పిల్లలేమో బల్ల అంచులు కొరుకుతారు, వేళ్లు నోట్లో పెట్టుకుంటారు. సీసం వాళ్ల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ‘ఇంతవరకైతే ఫర్వాలేదు’ అనే పరిమితే తెలియదంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. మన దేశంలో ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమలైంది. అంటే ఈ డబ్బాలు అంతకంటే ముందువి. వాడలేమని చెప్పేశాం.

తలా కొంత ఫోన్‌పే చేసుకుని, ‘సీసం లేదు’ అని రాసున్న నీటి ఆధారిత ఎనామిల్ కొన్నాం. అంచులు గుండ్రంగా చేయించి, ముందు 120, తర్వాత 220 నంబర్ శాండ్ పేపర్‌తో రుద్ది, ప్రైమర్ మీద రెండు కోట్లు వేశాం. వాసన పూర్తిగా పోయాకే పిల్లల్ని కూర్చోబెట్టాం.

ఫొటోలకి లైకులు బాగానే వచ్చాయి. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పోయినేడాది వేరే బడిలో బెంచీలకు ఇలాంటి మిగిలిపోయిన డబ్బాలే వాడాం. అప్పుడు తేదీ ఎవరం చూడలేదు.

ఈ ఆదివారం అక్కడికే వెళ్తున్నాం. ఆ రంగుని గీకితే సీసం దుమ్మై లేచి ఇంకా ప్రమాదం. అందుకే దాన్ని ముట్టుకోకుండా, పై పలకలే మార్చేస్తాం. మేస్త్రి కూడా వస్తానన్నాడు.