యీషున్ ఉక్కలో షుగర్ చెమట: అపోహలు – వాస్తవాలు

చెమట పడితే షుగర్ కరిగిపోతుందన్న మాట తెలుగిళ్లలో పాతదే. సింగపూర్‌లోని యీషున్ కాపురాల్లో దానికి ఇంకోటి తోడవుతుంది: ఈ ఊళ్లో చెమట పట్టనిదెవరికి? మొదటిది ఒట్టి అపోహ. చెమటలో గ్లూకోజు ఉండేది లేశమాత్రం. నడిస్తే షుగర్ తగ్గేది కండరాలు దాన్ని వాడుకోవడం వల్ల, చొక్కా తడవడం వల్ల కాదు. రెండోది సగం నిజం, కాబట్టే ప్రమాదం ఎక్కువ. భూమధ్యరేఖకు ఒకటిన్నర డిగ్రీల లోపే ఉన్న ఊరిది, గాలిలో తేమ సగటున 80 శాతం పైమాటే. చోంగ్‌పాంగ్ మార్కెట్ నుంచి కూరల సంచీ మోసుకొచ్చిన మనిషి వీపు తడిస్తే దానికి జబ్బు పేరు పెట్టక్కర్లేదు. ఏసీ గదిలో, అర్ధరాత్రి దాటాక దిండు తడిస్తే మాత్రం నేరం ఎండ మీదికి నెట్టలేం.

ఇన్సులిన్ గానీ, గ్లిక్లజైడ్, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవారికి అలాంటి చెమట పడితే ముందు అనుమానించాల్సింది షుగర్ పడిపోవడాన్ని. డెసీలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే దిగితే ఒళ్లు అడ్రినలిన్‌ను వదులుతుంది. వణుకు, గుండెదడ, ఆకలి, చల్లటి చెమట మొదలవుతాయి. బీపీకో గుండెకో బీటా బ్లాకర్ వేసుకునేవారిలో వణుకు, దడ అణిగిపోవచ్చు. చెమట గ్రంథులను నడిపే నరాలు ఆ మందుకు లొంగవు గనుక చివరికి మిగిలే సాక్షి చెమటే. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లకు ఇంకో తిరకాసుంది. వారి లెక్క మిల్లీగ్రాముల్లో, ఇక్కడి మీటరు మిల్లీమోల్స్‌లో. తెర మీద 3.2 కనిపిస్తే 18తో హెచ్చవేయాలి: 58 కిందే లెక్క. షుగరున్న మనిషికి పంచదారేమిటన్న అభ్యంతరం ఆ నిమిషానికి చెల్లదు. 2016లో సింగపూర్ మధుమేహంపై యుద్ధం ప్రకటించినప్పటి నుంచీ చక్కెర తగ్గించమన్న మాటే చెవుల్లో మోగుతోంది గానీ, మనిషి మింగగల స్థితిలో ఉంటే అప్పుడు కావలసింది 15 గ్రాముల చక్కెర, 15 నిమిషాలకు మళ్లీ పరీక్ష. డ్రింకు డబ్బా మీద చక్కెర తక్కువని చెప్పే ‘ఏ’ అక్షరం చూసి మురిసేవారు ఆ పూట చక్కెర ఎక్కువున్న ‘డి’నే వెతుక్కోవాలి. కాఫీషాపులో అలవాటుగా నోట వచ్చే ‘కొసోంగ్’ (చక్కెర వద్దు) అప్పటికి పక్కన పెట్టాలి. చాక్లెట్ కూడా వద్దు; అందులోని కొవ్వు చక్కెరను రక్తంలోకి త్వరగా చేరనివ్వదు.

మీటరు బాగానే ఉంది, చెమట మాత్రం ఆగదు, అప్పుడేమంటారని అడగొచ్చు. సబబైన ప్రశ్నే. ఏళ్ల తరబడి షుగరుంటే చెమటను అదుపు చేసే నరాలు దెబ్బతినవచ్చు. పాదాలు ఎండి పగుళ్లిస్తుంటే, ఆ లోటు తీర్చడానికన్నట్టు ముఖం, ఛాతీ తడిసి ముద్దవుతాయి. కొందరికి ముద్ద నోట పెట్టగానే నుదుటా మెడ మీదా ధార కడుతుంది. సాంబల్ కారప్పచ్చడి ఘాటుకు ఎవరికైనా కారుతుంది. చప్పటి పెరుగన్నానికీ కారితే డాక్టరుకు చెప్పాల్సిన సంగతే. థైరాయిడ్, ముట్లుడగడం కూడా చెమట పట్టించేవే కాబట్టి ప్రతి తడినీ షుగర్ ఖాతాలో రాయకూడదు. గుండె సంగతి వేరు. మధుమేహులకు గుండెపోటు నొప్పి లేకుండానూ రావచ్చు. మీటరు సరిగ్గా చూపుతున్నా చల్లటి చెమట, ఆయాసం కలిసి వస్తే పాలీక్లినిక్ తెరిచేదాకా ఆగకుండా అంబులెన్స్ నంబరు 995కు ఫోన్ చేయాలి.