గ్యారేజీలో డీఆర్వో!

డీఆర్వో అనగానే మనకు గుర్తొచ్చేది కలెక్టరేట్‌లో కూర్చునే జిల్లా రెవెన్యూ అధికారి. అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఇంటి గ్యారేజీలో బుల్లి మిల్లింగ్ మిషన్ పెట్టుకుని, సెలవురోజుల్లో ఆవిరి ఇంజిన్ల నమూనాలు తయారుచేసేవాళ్లను అడిగి చూడండి. ‘డిజిటల్ రీడవుట్’ అంటారు. మిషన్ బల్ల ఎంత దూరం జరిగిందో అంకెల్లో చూపించే పరికరం అది. ఒకప్పుడు దాని ఖరీదు చిన్న మిషన్ ధరతో పోటీపడేది. అంత పెట్టలేనివాళ్లు ఏం చేశారో తెలుసా... చవకరకం డిజిటల్ క్యాలిపర్లు కొని సొంతంగా తయారుచేసుకున్నారు!

ఈ సరదా ఈనాటిది కాదు. ఇలాంటి ఔత్సాహికుల కోసం లండన్‌లో ‘మోడల్ ఇంజినీర్’ పత్రిక 1898లోనే మొదలైంది. అప్పటినుంచీ వాళ్లను వేధిస్తున్న సమస్య మాత్రం ఒకటే... కొలత.

లాభం... రెండు... మూడు...

మిల్లింగ్ మిషన్‌లో కట్టర్ ఉన్నచోటే గిర్రున తిరుగుతుంటుంది. ఇనుప ముక్కను బిగించిన బల్ల కదులుతుంది. దాన్ని కదిపేది స్క్రూ, స్క్రూను తిప్పేది చేతి చక్రం. అమెరికా ఇళ్లలో ఎక్కువగా కనిపించే చైనా మినీ మిల్లునే తీసుకోండి. చక్రం ఒక చుట్టు తిరిగితే బల్ల అంగుళంలో పదహారో వంతు, అంటే 0.0625 అంగుళం జరుగుతుంది. మరి 0.7 అంగుళం జరపాలంటే? పదకొండు చుట్లు తిప్పి, ఆపైన ఇంకో 0.0125 కలపాలి. వడ్లు కొలిచేటప్పుడు ‘లాభం, రెండు, మూడు’ అని లెక్కపెడుతుంటే మధ్యలో ఎవరో పలకరించినట్లు... ఫోన్ మోగిందంటే లెక్క గోవిందా.

లెక్క తప్పకపోయినా ఇంకో చిక్కుంది. పాత కారు స్టీరింగ్‌లో ‘ప్లే’ ఉందంటామే, అలాంటిదే స్క్రూకీ నట్టుకీ మధ్యా ఉంటుంది. చక్రాన్ని అటునుంచి ఇటు తిప్పినప్పుడు మొదట కాస్త దూరం చక్రమే తిరుగుతుంది, బల్ల కదలదు. డయల్ మీద గీత మారుతుంది, ముక్క మాత్రం అక్కడే ఉంటుంది. మూడు ఆదివారాలు కష్టపడి చెక్కిన సిలిండర్‌కు నాలుగో ఆదివారం ఒక్క రంధ్రం అర మిల్లీమీటరు పక్కన పడితే, ఇక అది తుక్కే. బాలానగర్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో మిల్లింగ్ మిషన్ నడిపేవాళ్లకు ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు.

చక్రం ఎంత తిరిగిందన్నది కాదు, బల్ల నిజంగా ఎంత జరిగిందన్నది తెలియాలి. ఆ పనిచేసేదే డీఆర్వో. స్కేలును నేరుగా బల్లకే బిగిస్తారు కాబట్టి స్క్రూ ఎంత అరిగినా దాని కొలతకు అడ్డురాదు.

స్టిక్కరు కింద రాగి పట్టీలు

మనదగ్గర వెయ్యి రూపాయల్లోపే దొరికే డిజిటల్ క్యాలిపర్‌లోనూ ఇందుకు కావాల్సిన సరంజామా దాదాపు అంతా ఉంది. దాని పొడవాటి పట్టీ మీది స్టిక్కరు ఒలిస్తే సన్నటి రాగి గళ్లు వరసగా కనిపిస్తాయి. జారే భాగంలోనూ అలాంటి గళ్లే ఉంటాయి. ఒకటి ఇంకోదాని మీదుగా జరుగుతుంటే వాటి మధ్య విద్యుత్తును పట్టి ఉంచే శక్తి మారుతుంటుంది. ఆ మార్పును చిప్ దూరంగా లెక్కకట్టి 0.01 మిల్లీమీటరు వరకూ చూపిస్తుంది.

అంతేకాదు... చాలా క్యాలిపర్లలో ఓ చిన్న మూత ఉంటుంది. అది తీస్తే నాలుగు లోహపు చుక్కలు. వాటిలో ఒకదాన్నుంచి ఆ కొలతే 24 బిట్ల సంకేతంగా సెకనుకు చాలాసార్లు బయటికొస్తూ ఉంటుంది. అక్కడ సన్నటి వైర్లు అతికించి ఆర్డుయినో లాంటి చిన్న బోర్డుకు కలుపుతారు. (ఈ బోర్డు 2005లో ఇటలీలో విద్యార్థుల కోసం పుట్టింది.) సంకేతం ఒకటిన్నర వోల్టులే కాబట్టి మధ్యలో ఓ ట్రాన్సిస్టర్ పెట్టి పెంచాలి. ఎడమ-కుడి, ముందు-వెనక, పైకి-కిందికి... మూడు క్యాలిపర్ల అంకెలూ బ్లూటూత్ మీదుగా మూలన పడేసిన పాత ట్యాబ్లెట్ తెర మీదికి చేరతాయి. లెక్కలూ అదే చేసిపెడుతుంది. 50 మిల్లీమీటర్ల వలయం మీద ఆరు రంధ్రాలు వేయాలా? మొదటిది 25, 0 దగ్గర... రెండోది 12.5, 21.65 దగ్గర... ఇలా స్థానాలన్నీ తెర మీదే కనిపిస్తాయి.

అంకెలూ బొంకుతాయి

వైరింగ్ చూసి భయపడతారుగానీ అసలు కష్టం బిగింపులోనే. క్యాలిపర్ దవడలు గట్టిపరచిన ఉక్కు. హాక్సా బ్లేడుకు లొంగవు, గ్రైండర్‌తో కోయాల్సిందే. కోసిన పట్టీ బల్ల ప్రయాణానికి సరిగ్గా సమాంతరంగా ఉండాలి. ఒక్క డిగ్రీ వాలినా 100 మిల్లీమీటర్లకు 0.015 తేడా వస్తుంది. కొలిచే స్కేలు కోత జరిగే రేఖకు దూరమయ్యేకొద్దీ పొరపాటు పెరుగుతుందని జర్మనీ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ అబ్బే 1890లోనే చెప్పాడు. బల్ల చివరన బిగించిన స్కేలుకు ఆ మాట ఇప్పటికీ వర్తిస్తుంది.

తెర మీద 0.01 కనిపిస్తోంది కదాని అంత కచ్చితత్వం ఉన్నట్లు కాదు. ఈ రకం క్యాలిపర్లు సాధారణంగా 0.02, 0.03 మిల్లీమీటర్ల తేడా వరకూ చూపించగలవు. రంధ్రాల స్థానాలకు అది చాలు. బేరింగ్ బిగువుగా కూర్చోవాల్సిన చోట మాత్రం మైక్రోమీటర్ తీయాల్సిందే.

తడి తగిలితే రాగి గళ్లు తికమకపడతాయి. అందుకే కూలెంట్, ఇనుప రజను పడకుండా పైన రేకు కప్పుతారు. మోటారు ఆన్ చేయగానే అంకెలు గంతులేస్తే ఎర్తింగ్ చూసుకోవాలి. ఇంత తలనొప్పి ఎందుకనుకునేవాళ్లకు ఇప్పుడు గాజు స్కేళ్ల చైనా కిట్లూ మునుపటికంటే బాగా తక్కువకే వస్తున్నాయి. తడిసే మిషన్‌కు అవే మేలు.

ఇంకో సంగతి. చవక క్యాలిపర్లలో చాలావాటికి విద్యుత్తు ఆగితే తమ స్థానం గుర్తుండదు. బటన్ సెల్ తీసేసి అడాప్టర్ పెట్టుకున్నాక మధ్యలో కరెంటు పోయిందంటే, మళ్లీ ముక్క అంచు దగ్గరికి వెళ్లి సున్నా నొక్కాల్సిందే. అందుకే అనుభవం ఉన్నవాళ్లు పని మొదలుపెట్టేముందు ఎక్కడ సున్నా కొట్టారో ఓ కాగితం మీద రాసి మిషన్‌కు అంటించుకుంటారు.