ఆస్టన్ మార్టిన్ సిగ్నెట్: రెండేళ్లకే ఆగిపోయిన లగ్జరీ బుల్లి కారు మనకు చెప్పేదేంటి?

జేమ్స్ బాండ్ కార్ల కంపెనీ ఆస్టన్ మార్టిన్ ఒకప్పుడు మూడు మీటర్ల బుల్లి కారు కూడా అమ్మింది. పేరు సిగ్నెట్, అంటే హంస పిల్ల. 2011లో వచ్చింది, 2013లో ఆగిపోయింది. ఫోన్ల సైట్‌లో కారు గోల ఎందుకంటారా? స్పెషల్ ఎడిషన్ ఫోన్ కొనే ముందు తెలుసుకోవాల్సిన కథ ఇది.

ముందు స్పెక్స్ చూద్దాం. బేస్ మోడల్ టయోటా ఐక్యూ. ఇంజిన్ 1.3 లీటర్ పెట్రోల్, 97 హార్స్‌పవర్. అదీ టయోటాదే. మారిందల్లా కంటికి కనిపించే భాగమే: ఆస్టన్ మార్కు గ్రిల్, కొత్త బానెట్, ఖరీదైన పెయింట్, లోపలంతా చేత్తో కుట్టిన లెదర్. బ్రిటన్‌లో ధర దాదాపు 31 వేల పౌండ్లు. ఐక్యూ ధరకు రెండింతల పైనే!

మరి ఎందుకు చేశారు? అప్పుడు యూరప్‌లో కార్బన్ ఉద్గారాల రూల్స్ టైట్ అవుతున్నాయి. కంపెనీ అమ్మే కార్లన్నిటి సగటును లెక్కిస్తారు. పెద్ద ఇంజిన్ల మధ్య ఒక చిన్న కారు ఉంటే సగటు తగ్గుతుంది. బీటెక్‌లో సీజీపీఏ కోసం ఈజీ ఎలక్టివ్ తీసుకున్నట్టన్నమాట. ఏడాదికి 4,000 కార్లు టార్గెట్. బ్రిటన్‌లో మొత్తంగా అమ్ముడైనవి 150కి అటూ ఇటూ.

నోకియా మొదలుపెట్టిన వెర్టూ ఫోన్లు గుర్తున్నాయా? సఫైర్ గ్లాస్, లెదర్, చేతి పని. లోపల మాత్రం మామూలు ఫోన్ టెక్నాలజీనే. 2017లో ఇంగ్లండ్‌లో తయారీ ఆగిపోయింది.

ఇక్కడ మోసం ఉందని నేననను. ఆ లెదర్ నిజం, ఆ పనితనమూ నిజం. కానీ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌గా నాకు తెలిసిందొకటే: యాప్‌కి థీమ్ మార్చినంత మాత్రాన బ్యాకెండ్ వేగం పెరగదు.

బ్యాకెండ్ మారిస్తే ఏమవుతుందో కూడా ఆస్టనే చూపించింది. 2018లో ఒక కస్టమర్ కోరితే సిగ్నెట్‌లో 4.7 లీటర్ వీ8 ఇంజిన్ పెట్టి, 430 హార్స్‌పవర్ కారు చేసిచ్చింది. అలాంటిది ఒక్కటే ఉంది. పాత సిగ్నెట్‌ని చూసి నవ్విన వాళ్లు కూడా దాన్ని మెచ్చుకున్నారు.

అందుకే స్పెషల్ ఎడిషన్ ఫోన్ కనబడితే నేను ముందు మామూలు వేరియంట్ పక్కన పెట్టి చూస్తాను. ప్రాసెసర్, కెమెరా, బ్యాటరీ, అప్‌డేట్స్ ఒకటే అయితే, ఆ ధర తేడా మొత్తం కవర్‌కే. కవర్ నచ్చితే నిక్షేపంగా కొనుక్కోండి. స్పీడ్ కోసమైతే మాత్రం వద్దు.