కోరంగి రేవు నుంచి మారిషస్ వరకు

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలు సముద్రానికి రెండు వందల యాభై కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న మిట్టనేలలు. ఇక్కడివారికి నీరంటే చెరువు. అటువంటి ఊళ్ళ నుంచి కూడ ఈనాడు కొత్త దంపతులు, వర్తకులు, ఉద్యోగులు విమానమెక్కి మారిషస్ ద్వీపానికి విహారయాత్ర వెళ్తున్నారు. తెల్లని ఇసుకను, పగడపు దిబ్బల చాటున నిశ్చలంగా నిలిచిన నీలిజలాలను చూసి, నాలుగు రోజులు హోటలులో గడిపి తిరిగి వస్తున్నారు. ఆ ద్వీపంలో తెలుగువారి చరిత్రకు, భారత ముస్లిముల చరిత్రకు సంబంధించిన ఒక పుట ఉన్నదన్న సంగతి మాత్రం వీరిలో చాలామంది దృష్టికి రావడం లేదు.

మడగాస్కర్‌కు తూర్పున, హిందూ మహాసముద్రంలో ఉన్న ఈ ద్వీపాన్ని ఐరోపావాసులకంటె ముందే అరబ్బు నావికులు ఎరుగుదురు. 1502 నాటి కాంటినో పటంలో ఆ ప్రాంతపు మూడు దీవులకు 'దీనా' అనే మాటతో మొదలయ్యే పేర్లున్నవి. ఈ 'దీనా' అరబ్బీలోని 'దీబ'కు అపభ్రంశమనీ, ఆ 'దీబ' మన 'ద్వీపం' నుంచే వచ్చినదనీ పండితుల అభిప్రాయం. ఇబ్నె బతూతా మాల్దీవులను 'దీబతుల్ మహల్' అన్నది కూడ ఈ మాటతోనే. అరబ్బులు అక్కడ స్థిరపడలేదు. డచ్చివారు 1598లో తమ రాకుమారుడు మారిస్ పేరు పెట్టారు. 1715లో ఫ్రెంచివారు, 1810లో ఆంగ్లేయులు స్వాధీనం చేసుకున్నారు. 1968 మార్చి 12న దేశం స్వతంత్రమైనది.

అసలు కథ చెరకుతోటలది. 1835లో బానిసత్వం రద్దయినది. దానికి ముందు సంవత్సరం నుంచే తోటల యజమానులు భారతదేశం నుంచి ఒప్పందపు కూలీలను రప్పించడం మొదలుపెట్టారు. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభం వరకు ఈ విధంగా వచ్చినవారు సుమారు నాలుగున్నర లక్షల మంది. ఎక్కువమంది కలకత్తా రేవులో, తరువాత మద్రాసులో, బొంబాయిలో ఓడ ఎక్కినవారు. గోదావరి ముఖద్వారాన ఉన్న కోరంగి రేవు నుంచి కూడ కొందరు బయలుదేరారు. 1839 తుఫానులో ఆ రేవు ధ్వంసమైపోయినది. దాని పేరు మాత్రం మారిషస్‌లో నిలిచినది. అక్కడ తెలుగువారిని 'కోరంగీలు' అన్నారు. ఊరు పోయి పేరు మిగలడమంటే ఇదే.

మరొక పేరు 'లస్కర్'. ఫార్సీలో 'లష్కర్' అనగా సైన్యం. భారతదేశపు ఓడకూలీలకు ఐరోపావాసులు ఈ మాటను వాడినారు. ఫ్రెంచివారి కాలంలోనే పోర్ట్ లూయిస్ నగరం అంచున వీరి పేట వెలిసినది. ఆ ద్వీపంలో తొలి మసీదు, అల్ అఖ్సా మసీదు, పందొమ్మిదవ శతాబ్ది తొలి సంవత్సరాలలో ఆ పరిసరాలలోనే లేచినది. క్రమంగా క్రియోలు భాషలో 'లస్కర్' అంటే ముస్లిము అనే అర్థం స్థిరపడినది. మేడ్చల్ వాసులకు ఈ పదం కొత్తది కాదు: సికింద్రాబాదు కంటోన్మెంటు మూలంగా వచ్చిన 'లష్కర్ బోనాలు' అనే మాటలో ఉన్నది ఇదే. ఒకచోట ఊరికి, మరొకచోట ఒక మతస్థులకు పేరైనది. అయితే మారిషస్‌లో దీనికి చులకన ధ్వని ఉన్నది గనుక యాత్రికులు నోట పలుకకుండుట మర్యాద.

నేటి మారిషస్ జనాభాలో ముస్లిములు సుమారు నూటికి పద్దెనిమిదిమంది. కూలీలుగా వచ్చిన ఉత్తర భారతీయుల సంతతి వీరిలో అధికం. పోర్ట్ లూయిస్ నడిబొడ్డున ఉన్న జుమా మసీదును 1850లలో నిర్మింపజేసినవారిలో కచ్ మేమన్ వర్తకులు ముఖ్యులు. ముహర్రంలో అక్కడ జరిగే 'గూన్' ఊరేగింపు మన పీర్ల పండుగను తలపిస్తుంది. దాని ధార్మిక స్థానం మాట ఎటులున్నా, ఓడకూలీలు వెంట తీసుకెళ్ళిన ఆచారంగా దానికి చారిత్రక విలువ ఉన్నది.

నమాజు పాటించే యాత్రికునికి ఒక సంగతి. హైదరాబాదులో ఖిబ్లా దాదాపు పడమర, కొద్దిగా ఉత్తరపు మొగ్గు. మారిషస్ భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్నందున అక్కడ ఖిబ్లా ఉత్తర వాయవ్యానికి ఉంటుంది. అలవాటుకొద్దీ పడమరకు నిలబడితే పొరపాటవుతుంది. గడియారం మనకంటె గంటన్నర వెనుక. మనకు వానలు పడే జూన్, జూలై, ఆగస్టు అక్కడ చలికాలం; తుఫానుల కాలం నవంబరు మొదలు ఏప్రిలు వరకు.

తెలుగు సంతతివారు రామభజనలు, అమ్మోరు పండుగ, సింహాద్రి అప్పన్న పూజ విడువలేదు. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవుదినం. ఈదుల్ ఫిత్ర్ కూడ. కాని ఇంటిలో మాట్లాడేది ఎక్కువగా క్రియోలు. తెలుగు, ఉర్దూ, అరబ్బీ భాషలను పిల్లలు బడిలో ఐచ్ఛికంగా నేర్చుకుంటారు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలకు ఆతిథ్యమిచ్చిన దేశమది. అక్కడివారు తెలుగులో పలుకరించినపుడు ఉచ్చారణకు నవ్వే యాత్రికులు, ఐదారు తరాల పాటు చెరకుతోటల్లో బ్రతికినవారి నోట ఆ నాలుగు మాటలు ఎట్లా మిగిలినవో ఒక్కసారి ఆలోచించాలి.

కూలీలు తొలిగా కాలుమోపిన ఆప్రవాసీ ఘాట్ పోర్ట్ లూయిస్ రేవులోనే ఉన్నది. 2006లో అది ప్రపంచ వారసత్వ స్థలమైనది. వలస వచ్చినవారి రిజిస్టర్లు మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూటులో భద్రంగా ఉన్నవి. వాటిలో మనుషుల పేర్లు, ఊళ్ళ పేర్లు విదేశీ గుమాస్తాల చెవికి తోచినట్లు వ్రాయబడినవి. వాటిని సరిగా పోల్చుకోవాలంటే గోదావరి, విశాఖపట్నం, గంజాం జిల్లాల పల్లెలు ఎరిగిన తెలుగువారి సాయం కావాలి.