పార్శిల్ పంపాలా, సంతలో కలవాలా? బస్తర్ నేర్పే లెక్క

చేత్తో చేసిన ఒక బొమ్మనో, ఇంట్లో వాడని కుట్టుమిషన్‌నో, చెట్టు కింద ఏరిన చింతపండునో అమ్ముదామనుకున్నారనుకోండి. ఫోన్‌లో ఫోటో పెట్టగానే రెండు రకాల వాళ్లు పలకరిస్తారు. "కొరియర్ చేస్తారా?" అని దూరం నుంచి ఒకరు. "ఎక్కడికి రమ్మంటారు? వచ్చి చూసుకుంటాను" అని దగ్గర్లోంచి మరొకరు. ఎవరికి అమ్మితే మేలు?

ఇది ఎవరి వీలును బట్టి వాళ్లు తేల్చుకునే విషయంలా కనిపిస్తుంది. నిజానికి ఇందులో కొలవదగిన సంగతులు చాలా ఉన్నాయి. సరుకు బరువు, పెట్టె పరిమాణం, పడే ఎత్తు, గాలిలో తేమ, ఎవరికి ఎంత సమాచారం తెలుసన్న తేడా. వీటన్నిటినీ ఒకే చోట చూడాలంటే మన పొరుగునే ఉన్న బస్తర్ మంచి ఉదాహరణ.

ఒకే నేల, రెండు రకాల సరుకు

దక్షిణ ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతం ఇప్పుడు ఏడు జిల్లాలుగా ఉంది. రాయ్‌పుర్ నుంచి వచ్చే 30వ నంబరు జాతీయ రహదారి కొండగావ్, జగ్దల్‌పుర్, సుక్మా, కుంట దాటి భద్రాచలం వైపు దిగి, విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం చేరుతుంది. కుంట, భోపాలపట్నం వైపు గోండి, హల్బీలతో పాటు తెలుగు కూడా వినిపిస్తుంది.

ఇక్కడి వ్యాపారానికి గుండెకాయ వారపు సంత. సోమవారం తోకాపాల్, శుక్రవారం లోహండీగూడ, ఇలా ఒక్కో ఊరికి ఒక్కో రోజు. ఇప్పపువ్వు, చింతపండు, సారపప్పు, లక్క, కుండలు, బుట్టలు అక్కడికి వస్తాయి. అదే ప్రాంతంలో కొండగావ్ చుట్టుపక్కల ఘడ్వా కళాకారులు ఢోక్రా బొమ్మలు పోత పోస్తారు. వాటిని కొనేవాళ్లలో చాలామంది ఢిల్లీ, హైదరాబాద్, విదేశాల్లో ఉంటారు. చింతపండు సంత దాకా వెళ్తే చాలు. ఢోక్రా ఏనుగు వేల కిలోమీటర్లు వెళ్లాలి. ఈ తేడా ఎందుకు వచ్చింది?

సంత వారానికి ఒక్కరోజే ఎందుకు?

జర్మన్ భూగోళ శాస్త్రవేత్త వాల్టర్ క్రిస్టాలర్ 1933లో ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. ఏ దుకాణమైనా నిలబడాలంటే కనీసం ఇంతమంది కొనుగోలుదారులు ఉండాలి. అది కనీస గిరాకీ. ఒక వస్తువు కోసం మనిషి ఇంతకంటే ఎక్కువ దూరం వెళ్లడు. అది గరిష్ఠ దూరం. ఆ దూరం లోపల కనీస గిరాకీ దొరికితే దుకాణం బతుకుతుంది.

ఊళ్లు దూరదూరంగా, చేతిలో డబ్బు తక్కువగా ఉన్నచోట ఈ రెండూ కలవవు. అలాంటప్పుడు ఏం జరుగుతుందో 1962లో జేమ్స్ స్టైన్ కొరియా సంతల ఆధారంగా వివరించారు. దుకాణం ఒకచోట కూర్చోవడం మానేసి తిరగడం మొదలుపెడుతుంది. వర్తకుడు రోజుకో ఊరు వెళ్లి ఏడు ఊళ్ల గిరాకీని కూడగట్టుకుంటాడు. కొనేవాళ్లు కూడా తమ అవసరాలన్నీ ఒకే రోజుకు దాచుకుని ఒక్కసారే నడుస్తారు. అంటే సంత అనేది అమ్మేవాళ్ల ప్రయాణాన్ని, కొనేవాళ్ల ప్రయాణాన్ని ఒకేసారి తగ్గించే ఏర్పాటు.

ఉప్పు, చింతపండు, కుండలు ప్రతి ఇంటికీ కావాలి. కాబట్టి ఒక సంత పరిధిలోనే వాటికి గిరాకీ సరిపోతుంది. ఢోక్రా ఏనుగును వేలు పోసి కొనేవాడు లక్షమందిలో ఎందరుంటారు? సంతకు వచ్చే కొన్ని వేల మందిలో ఆ గిరాకీ నిండదు. అందుకే ఆ బొమ్మ దూరం వెళ్లక తప్పదు. మీ వస్తువు విషయంలోనూ మొదట వేసుకోవాల్సిన ప్రశ్న ఇదే: దీన్ని కోరుకునేవాళ్లు మన చుట్టుపక్కల తగినంత మంది ఉన్నారా?

పెట్టెలో గాలికీ డబ్బే

గిరాకీ దూరంగా ఉందని తేలాక రవాణా లెక్క చూడాలి. కొరియర్ సంస్థలు అసలు బరువు ఒక్కటే చూడవు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి, సాధారణంగా 5000తో భాగిస్తారు. వచ్చిన దాన్ని కిలోలుగా తీసుకుంటారు. అసలు బరువు, ఈ పరిమాణపు బరువు, ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే దానికే డబ్బు కట్టాలి. లారీలో చోటు కూడా ఖర్చే కదా.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. 2 కిలోల ఢోక్రా బొమ్మను 30, 25, 20 సెంటీమీటర్ల పెట్టెలో పెట్టారు. 15,000ను 5000తో భాగిస్తే 3 కిలోలు. కిలోకు 60 రూపాయలనుకుంటే ఖర్చు 180 రూపాయలు. బొమ్మ ధర 4,000 అయితే రవాణా అందులో ఐదు శాతం లోపే.

ఇప్పుడు 3 కిలోల కాల్చిన మట్టి ఏనుగును చూడండి. పొడవు 30, వెడల్పు 20, ఎత్తు 30 సెంటీమీటర్లు. విరగకుండా అన్ని వైపులా 5 సెంటీమీటర్ల మెత్త పెట్టాలి. పెట్టె 40, 30, 40 అవుతుంది. 48,000ను 5000తో భాగిస్తే 9.6 కిలోలు. ఖర్చు 576 రూపాయలు. బొమ్మ ధరే 600 అయితే ఇక మిగిలేదేముంది? ఇత్తడి బొమ్మకు కలిసొచ్చింది దాని సాంద్రత. నీటికి సుమారు ఎనిమిదిన్నర రెట్ల సాంద్రత గల లోహం కాబట్టి, తక్కువ చోటులో ఎక్కువ విలువ ఇమిడిపోతుంది.

ఆ 5 సెంటీమీటర్లు ఎందుకు?

ఎగుమతి దిగుమతుల్లో పెట్టె నడుము ఎత్తు నుంచి జారి పడిందనుకోండి. 80 సెంటీమీటర్లు పడేసరికి దాని వేగం సెకనుకు దాదాపు 4 మీటర్లు, అంటే గంటకు 14 కిలోమీటర్లు. ఆ వేగం ఎంత దూరంలో ఆగుతుందన్నదే అసలు విషయం. స్థూలంగా, పడిన ఎత్తును ఆగిన దూరంతో భాగిస్తే దెబ్బ గురుత్వాకర్షణకు ఎన్ని రెట్లో వస్తుంది. గట్టి నేల మీద 1 మిల్లీమీటరులో ఆగితే 800 రెట్లు. మధ్యలో ఉన్న మెత్త 2 సెంటీమీటర్లు నలిగితే 40 రెట్లు మాత్రమే. 5 సెంటీమీటర్ల మెత్త పెట్టినా అది పూర్తిగా అణగదు, అందులో కొంత భాగమే నలుగుతుంది. అందుకే అంత మందం కావాలి.

కాల్చిన మట్టి సాగదు, చిన్న పగులు క్షణంలో ఆ చివరి దాకా పాకుతుంది. ఇత్తడి కొంత వంగి శక్తిని మింగుతుంది. అయినా ఢోక్రా బొమ్మల సన్నని చేతులు, కొమ్ములు వంగిపోవచ్చు. వాటిని విడిగా చుట్టాలి.

బస్తర్ ఇనుప బొమ్మలకు శత్రువు తేమ. గాలిలో సాపేక్ష తేమ సుమారు 60 శాతం దాటితే ఇనుము తుప్పు వేగం పుంజుకుంటుంది. వానాకాలంలో పంపేటప్పుడు బొమ్మను పూర్తిగా ఆరబెట్టి, సిలికా జెల్ పొట్లం వేసి, ప్లాస్టిక్ సంచిలో మూయడం మేలు.

ఫోటో చెప్పనిది

రవాణా ఖర్చు కలిసొచ్చినా ఇంకో చిక్కు ఉంది. ఢోక్రాలో మట్టి గుండె మీద తేనెమైనం తీగలతో బొమ్మ అల్లుతారు. దాని మీద మట్టి పూసి కాలిస్తే మైనం కరిగి పోతుంది, ఆ ఖాళీలోకి లోహం చేరుతుంది. మొహెంజోదారోలో దొరికిన నర్తకి కంచు బొమ్మ కూడా మైనం పోతతోనే తయారైంది. బొమ్మ బయటకు రావాలంటే అచ్చు పగలగొట్టాలి. కాబట్టి ఏ రెండు బొమ్మలూ ఒకేలా ఉండవు. ఒకదాని ఫోటో చూసి ఇంకోటి కొంటే నిరాశే.

అమ్మేవాడికి తెలిసింది కొనేవాడికి తెలియకపోతే ఏమవుతుందో అమెరికా ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లో పాత కార్ల ఉదాహరణతో చూపించారు. మంచి కారేదో, నాసిరకం కారేదో కొనేవాడు పోల్చుకోలేకపోతే మధ్యస్థంగా ఒక ధర ఇస్తాడు. ఆ ధర మంచి కారు యజమానికి గిట్టదు, అతను తప్పుకుంటాడు. చివరికి నాసిరకమే మిగులుతుంది. అకెర్లాఫ్‌కు 2001లో మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

చింతపండుకు ఇది సరిగ్గా సరిపోతుంది. గింజ, నార, ఇసుక, తేమ, వీటిలో ఏదీ ఫోటోలో కనిపించదు. 20 శాతం తేమ ఉన్న 100 కిలోల పండు 15 శాతానికి ఆరితే సుమారు 94 కిలోలే తూగుతుంది. మిగతా 6 కిలోలూ నీళ్లే. సంతలో కొనేవాడు చేత్తో పిసికి, వాసన చూసి, నోట్లో వేసుకుని తేల్చుకుంటాడు. దూరం పంపేటప్పుడు ఆ పని ఇంకేదైనా చేయాలి. కొనబోయే బొమ్మనే అన్ని వైపులా తీసిన వీడియో, పక్కన కొలబద్ద, కాటా మీద తూకం, లోపం ఉంటే దాని దగ్గరి ఫోటో. బస్తర్ ఢోక్రాకు ఉన్న భౌగోళిక గుర్తింపు కూడా కొనేవాడికి భరోసా ఇచ్చేందుకే. 2018లో ఆదిలాబాద్ ఓజా కళాకారుల డోక్రాకూ ఇలాంటి గుర్తింపు వచ్చింది.

ఎదురుగా కలిస్తే న్యాయం జరిగినట్టేనా?

ఇంతవరకూ చదివితే దగ్గర్లో కలవడమే భద్రం అనిపించవచ్చు. బస్తర్ చరిత్రలో దీనికి చేదైన జవాబు ఉంది. ఒకప్పుడు సంతల్లో ఆదివాసుల దగ్గర సారపప్పు తీసుకుని, అంతే తూకం ఉప్పు ఇచ్చేవారని ఇక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. అమ్మేవారు, కొనేవారు ఎదురెదురుగానే ఉన్నారు. సరుకు కళ్లముందే ఉంది. పట్నంలో దాని ధర ఎంతో ఒక్కరికే తెలుసు.

రెండో బలహీనత సాయంత్రానిది. పది కిలోమీటర్లు బుట్ట మోసుకొచ్చిన మనిషి దాన్ని మళ్లీ మోసుకుపోలేడు. ఆ సంగతి కొనే కోచియాకు, అంటే చిల్లర వర్తకుడికి, బాగా తెలుసు. పొద్దు వాలేకొద్దీ ధర దిగుతుంది. బేరంలో బలం ఎవరిదంటే, "వద్దులే" అని లేచి వెళ్లగలిగిన వాళ్లది.

ఈ బలాన్ని మార్చే ప్రయత్నాలు జరిగాయి. 1990ల చివర బస్తర్‌లో గ్రామ సంఘాల ద్వారా చింతపండు కొనే ఉద్యమం నడిచింది. 2013-14లో చిన్నతరహా అటవీ ఉత్పత్తులకు కేంద్రం కనీస మద్దతు ధర పథకం తెచ్చింది. సేకరించినవాళ్లే శుభ్రం చేసి, విలువ పెంచి అమ్ముకునేందుకు ఉద్దేశించిన వన్ ధన్ పథకం 2018 ఏప్రిల్ 14న బీజాపుర్ జిల్లాలోనే మొదలైంది.

ధర తెలియడం ఎంత మార్పు తెస్తుందో కేరళ తీరంలో కొలిచి చూశారు. అక్కడి మత్స్యకారుల చేతికి 1997-2001 మధ్య మొబైల్ ఫోన్లు వచ్చాయి. ఏ రేవులో ఏ ధరో సముద్రంలో ఉండగానే తెలిసింది. రాబర్ట్ జెన్సెన్ 2007లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం జాలర్ల లాభం సగటున 8 శాతం పెరిగింది, కొనేవాళ్లకు ధర 4 శాతం తగ్గింది, అమ్ముడుపోక పారబోసే చేపలు దాదాపు లేకుండా పోయాయి. వాళ్లు చేపలను దూరం పంపలేదు. అమ్మే చోటును తెలిసి ఎంచుకున్నారు.

వచ్చే వారం మళ్లీ కనిపించే ముఖం

సంతకు మరో బలం ఉంది. మానవశాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ జెల్ బస్తర్‌లోని ధోరాయి సంతను గమనించి 1982లో ఒక వ్యాసం రాశారు. సంతను ఆయన చక్రంతో పోల్చారు. నగలు, బట్టల వంటి విలువైన సరుకుల వాళ్లు మధ్యలో, స్థానికంగా చేసిన చవక సరుకుల వాళ్లు అంచుల్లో కూర్చుంటారు. ఎవరి చోటు వారిది. మోసపోతే వచ్చే వారం ఆ చోటికే వెళ్లి నిలదీయవచ్చు.

మళ్లీ మళ్లీ ఎదురుపడేవాళ్ల మధ్య సహకారం ఎలా నిలుస్తుందో రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ 1984లో తన పుస్తకంలో వివరించారు. రేపటి అవసరం ఉన్నవాడు ఈరోజు మోసం చేయడానికి వెనకాడతాడు. ఫోన్‌లో పరిచయమై ఒక్కసారి కలిసే అపరిచితుడికి ఆ రేపు లేదు. అందువల్ల అతన్ని ఊళ్లోనే కలిసినా అది సంతతో సమానం కాదు. సంతలో ఉన్న రక్షణలను మనమే సమకూర్చుకోవాలి. పగటిపూట, నలుగురూ తిరిగే చోట, తోడుగా ఒకరిని తీసుకుని కలవాలి. డబ్బు వచ్చిందని స్క్రీన్‌షాట్ చూపిస్తే నమ్మకుండా మీ ఖాతాలో చూసుకోవాలి. డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన అవసరం ఎప్పుడూ ఉండదు. కొట్టమంటే అది మోసమే. మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

మరి ఏది ఎంచుకోవాలి?

పరిమాణపు బరువు ప్రకారం కిలోకు విలువ ఎక్కువగా ఉండి, దెబ్బకు తట్టుకుని, గుణం వీడియోలో చూపించగలిగితే పార్శిల్ పంపండి. డబ్బు ముందుగా అందాలి, పెట్టె మూస్తున్నప్పుడు వీడియో తీసుకోవాలి, అసలు విలువ రాసి బీమా చేయించాలి. చవకైనవి, పెళుసైనవి, తేమకు మారిపోయేవి, చేత్తో పట్టి చూస్తే గానీ తెలియనివి దగ్గర్లోనే అమ్మండి. అమ్మే ముందు కనీసం ఇంకో రెండు చోట్ల ధర కనుక్కోండి.

రెండూ కలిపే దారీ ఉంది. బస్తర్‌లో చింతపండు అడవి నుంచి సంత దాకా బుట్టల్లో వస్తుంది, అక్కడ పోగై లారీల్లో దూరం వెళ్తుంది. ఒక్కో ఇల్లు విడిగా పంపితే గిట్టని రవాణా, నూరు ఇళ్ల సరుకు కలిస్తే గిడుతుంది. ఆ నూరు ఇళ్లూ ఒక సంఘంగా ఉండి, పట్నం ధర తెలుసుకుని, పొద్దు వాలినా సరుకు దాచుకునే చోటు ఉంటే, సంతలో బుట్ట దించిన మనిషి కూడా "ఈ ధరకు వద్దులే" అనగలుగుతాడు.