వ్యవసాయ పరికరాల్లో సాఫ్ట్‌వేర్ లైసెన్సు: లేబుల్ చెప్పేది, చెప్పనిది

ధ్రువీకరించిన విత్తనం కొనే రైతు ముందుగా చూసేది సంచికి ఉన్న నీలిరంగు ట్యాగును. ప్రతి సంచికీ ఒక ట్యాగు ఉంటుంది. ఒక సంచి ట్యాగు మరొక సంచికి చెల్లదు. నేల తేమను కొలిచే సెన్సార్లు, బిందు సేద్యపు కంట్రోలర్లు, పాలను పరీక్షించే యంత్రాలు, డ్రోన్లు పల్లెలకు చేరుతున్న ఈ కాలంలో పరికరాల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. ఒక నిర్దిష్టమైన పని కోసం చిన్న కంప్యూటరును లోపల అమర్చిన ఇటువంటి వాటిని ఎంబెడెడ్ పరికరాలు అంటారు. పరికరం కొన్నవారి సొంతమవుతుంది. అందులోని సాఫ్ట్‌వేర్‌ను మాత్రం లైసెన్సు షరతులకు లోబడి వాడుకునే హక్కే లభిస్తుంది. ఆ హక్కును సక్రమంగా పొంది కొనుగోలుదారుకు అందించవలసిన బాధ్యత తయారీదారుదే.

రెండు రకాల లైసెన్సులు

మొదటిది రుసుము చెల్లించి పొందేది. తెరపై పనిచేసే యంత్రాల్లో వాడే విండోస్ ఎంబెడెడ్, విండోస్ ఐఓటీ ఎంటర్‌ప్రైజ్ ఈ కోవకు చెందుతాయి. తయారీదారు ఒప్పందం చేసుకొని, అధీకృత పంపిణీదారు నుండి ఒక్కొక్క పరికరానికి ఒక్కొక్క లైసెన్సు తీసుకోవాలి. దానితో వచ్చే ప్రామాణికత లేబుల్‌ను ఆ పరికరానికే అతికించాలి. లేబుల్‌ను విడిగా అమ్మడం, ఒకే లైసెన్సుతో పలు యంత్రాలను నడపడం నిబంధనలకు విరుద్ధం.

రెండవది ఓపెన్ సోర్స్. లినక్స్ కెర్నెల్ జీపీఎల్ రెండవ వెర్షన్ కింద లభిస్తుంది. దీనికి రుసుము లేదు గాని, షరతులు లేకపోలేదు. లినక్స్ ఉన్న పరికరాన్ని అమ్మేవారు లైసెన్సు పాఠాన్ని జతచేయాలి; సోర్స్ కోడ్‌ను పరికరంతోపాటు ఇవ్వాలి, లేదా అడిగినవారికి ఇస్తామని కనీసం 3 సంవత్సరాలు చెల్లే లిఖితపూర్వక హామీనివ్వాలి. చిన్న సెన్సార్లలో వాడే ఫ్రీఆర్‌టాస్ ఎంఐటీ లైసెన్సు కింద ఉంది. దీనికి కాపీరైట్ ప్రకటనను, లైసెన్సు పాఠాన్ని జతచేస్తే చాలు. ఓపెన్ సోర్స్‌కు ప్రత్యేక లేబుల్ ఉండదు. కనుక ట్రూత్‌ఫుల్ లేబుల్ విత్తనంలో వలె ఇక్కడ కూడా తయారీదారు స్వయంగా ఇచ్చే ప్రకటనే ఆధారం.

చట్టం ఏమంటోంది?

మన కాపీరైట్ చట్టం, 1957 కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచనగా పరిగణిస్తుంది. అక్రమ ప్రతి అని తెలిసి కంప్యూటరులో వాడినవారికి సెక్షన్ 63బి ప్రకారం 7 రోజులకు తగ్గకుండా 3 సంవత్సరాల వరకు జైలు, రూ.50 వేల నుండి రూ.2 లక్షల వరకు జరిమానా విధించవచ్చు. తెలియక కొన్న రైతును ఈ సెక్షన్ ఉద్దేశించలేదు. అయినప్పటికీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు అందక, తయారీదారు చేతులెత్తేస్తే, పంట మధ్యలో యంత్రం నిలిచినప్పుడు నష్టపోయేది ఆ రైతే.

లేబుల్ పరిమితులు

ప్రామాణికత లేబుల్ సాఫ్ట్‌వేర్ అసలైనదని మాత్రమే చెబుతుంది. యంత్రం చూపే కొలత సరైనదని చెప్పదు. తూకం యంత్రానికి తూనికలు, కొలతల శాఖ ముద్ర వేరుగా ఉండవలసిందే. విత్తన ట్యాగుకు గడువున్నట్లే సాఫ్ట్‌వేర్ మద్దతుకూ గడువుంటుంది. విండోస్ ఎక్స్‌పీ ఎంబెడెడ్‌కు 2016 జనవరి 12న, విండోస్ ఎంబెడెడ్ స్టాండర్డ్ 7కు 2020 అక్టోబరు 13న సాధారణ భద్రతా మద్దతు ముగిసింది. పదేళ్లు పనిచేయవలసిన యంత్రంలో, రెండేళ్లలో మద్దతు ముగిసే సాఫ్ట్‌వేర్ అసలైనదైనా ప్రయోజనం స్వల్పమే.

పాటించవలసిన జాగ్రత్తలు

• తయారీదారులు నమూనా రూపొందించే దశలోనే లైసెన్సును నిర్ణయించుకొని, దాని ఖర్చును ధరలో చేర్చాలి.
• పరికరం క్రమ సంఖ్య, లైసెన్సు వివరాలు, సాఫ్ట్‌వేర్ వెర్షన్‌లను ఒకే రిజిస్టరులో నమోదు చేయాలి.
• రైతు ఉత్పత్తిదారుల సంఘాలు, యంత్రాల అద్దె కేంద్రాలు కొనుగోలు సమయంలో లేబుల్‌ను పరిశీలించి, లైసెన్సు వివరాలను, మద్దతు ముగిసే తేదీని బిల్లుపై రాయించుకోవాలి.
• మరమ్మతులో బోర్డు మార్చినప్పుడు లైసెన్సు కొనసాగుతుందో లేదో లిఖితపూర్వకంగా తెలుసుకోవాలి.

విత్తన సంచి ట్యాగును, బిల్లును పంట చేతికొచ్చేవరకు దాచుకోవడం రైతులకు అలవాటే. పరికరం లైసెన్సు పత్రాలను కూడా ఆ యంత్రం పనిచేసినంత కాలం భద్రపరచుకోవడం శ్రేయస్కరం.