మీకు తెలుసా? పాతికేళ్లు నడిచిన చెల్లని చట్టం

1980ల మొదట్లో బ్రిటన్‌లో థియేటర్ బొమ్మకు సెన్సార్ ఉంది, వీడియో క్యాసెట్‌కు లేదు. ఇటలీ హారర్ సినిమాలు ఆ సందులోంచే ఇళ్లలోకి దూరాయి. పత్రికలు గగ్గోలు పెట్టాయి, పోలీసులు వీడియో షాపుల మీద పడ్డారు. ప్రాసిక్యూషన్ జాబితాకెక్కిన 72 సినిమాల్లో డారియో అర్జెంటో తీసిన ‘టెనెబ్రే’ (1982) ఒకటి. 1984లో క్యాసెట్లకూ సర్టిఫికెట్ తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చారు.

అసలు తమాషా ఇక్కడుంది. అప్పటి నిబంధనల ప్రకారం ఆ చట్టం గురించి యూరోపియన్ కమిషన్‌కు తెలియజేయాల్సింది. ఆ ముక్క అందరూ మరిచిపోయారు! 2009లో గానీ పొరపాటు బయటపడలేదు. చట్టం అమలుకు పనికిరాదని తేలి, 2010లో దాన్నే మళ్లీ ఆమోదించుకున్నారు. ‘టెనెబ్రే’ మాత్రం అప్పటికే, 2003లో, ఒక్క కోత కూడా లేకుండా సర్టిఫికెట్ తెచ్చుకుంది. ఇప్పుడు బ్లూ-రేలో దొరుకుతుంది.